ఏటా గ్యాస్ పట్టించడం సర్వీసు కాదు

"ఏడాదైంది కదా, గ్యాస్ తగ్గి ఉంటుంది." ఎండలు ముదిరేసరికి కోయంబత్తూరు పీళమేడులోనూ, మదురైలోని మనవాళ్ళ ఇళ్ళలోనూ ఈ మాట మొదలవుతుంది. మెకానిక్ వస్తాడు, సిలిండరు తగిలిస్తాడు, గేజీ చూస్తాడు, డబ్బు తీసుకుని వెళ్తాడు. వచ్చే ఏడాది మళ్ళీ అతనే, మళ్ళీ అదే సిలిండరు. దీనికి సర్వీసని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన రాగి గొట్టాల్లోనే తిరుగుతుంది. గదిలో వేడి పీల్చుకుని ఆవిరవుతుంది, బయట ఆ వేడిని వదిలి ద్రవమవుతుంది. ఎన్నేళ్ళు తిరిగినా తరగాల్సిన పని లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. "మా మదురై ఎండకు ఆవిరైపోతుందండీ" అనేవాళ్ళున్నారు. ఎండకు లోపల ప్రెషర్ పెరిగేమాట నిజమే. ఉన్న కంతలోంచి ఇంకాస్త జోరుగా పోతుంది కూడా. కంతే లేకపోతే ఏ ఎండా దాన్ని బయటికి లాగలేదు.

ఈ మాట వేరే ఊరివాళ్ళు నమ్మితే ఊరుకునేవాణ్ణి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఊరు కోయంబత్తూరు. బావిలో ఫుట్‌వాల్వ్ కారుతుంటే రోజూ పంపులో నీళ్ళు పోసి నడిపేవాణ్ణి చూసి ఇక్కడ పిల్లలు కూడా నవ్వుతారు. అంత తెలిసిన మనమే ఇంటికొచ్చి ఏసీలో ఏటా గ్యాస్ పోయిస్తున్నాం.

సొంతంగానో, తెలిసిన కుర్రాడితోనో బిగించుకున్న స్ప్లిట్ ఏసీలో లీకును మొదట వెతకాల్సింది ఫ్లేర్ జాయింట్ల దగ్గరే. రాగి గొట్టం చివర గరాటులా విచ్చుకుని ఇత్తడి నట్టు కింద కూర్చునే చోటది. అక్కడ జిడ్డుగా నూనె మరక, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే లీకు దొరికినట్టే. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా చెమరుస్తుంది మరి. సబ్బు నురగ రాసి ఓపిగ్గా చూస్తే బుడగ లేస్తుంది.

కారణం సాధారణంగా పనితనంలో లోపమే. గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోసి ఉంటారు, అంచు గరుకు తీసి ఉండరు, ఒక్క స్పానరుతో బలంకొద్దీ తిప్పి ఉంటారు. పావు అంగుళం గొట్టానికి 14 నుంచి 18 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంతకు మించి బిగిస్తే ఫ్లేరు పలచబడి చీలుతుంది. పైగా టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్ళు! నీళ్ళ కుళాయి కాదది. రాగి, ఇత్తడి ఒకదానికొకటి ఒత్తుకుంటేనే అక్కడ గ్యాస్ ఆగుతుంది. ఫ్లేరు కోసేసి కొత్తది వేసి, నైట్రోజన్‌తో ప్రెషర్ నిలుస్తోందో లేదో చూసి, వాక్యూమ్ పంపు పెట్టి గాలీ తేమా లాగేసి, యూనిట్ పలక మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ పట్టాలి. ఇదీ రిపేరంటే.

"చిన్న లీకే కదా, రెండేళ్ళకోసారి నింపుకుంటే పోలా?" అన్నది అవతలివాళ్ళ గట్టి వాదన. పోదు. కంప్రెసర్ వైండింగ్ చల్లబడేది దాని గుండా తిరిగే గ్యాస్‌తోనే. గ్యాస్ తక్కువైతే వైండింగ్ వేడెక్కుతుంది. మోటారు వైండింగ్ కాలితే ఎంతవుతుందో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. మరి గేజీ చూసి నింపడం? ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారిన కొద్దీ ప్రెషరూ మారుతుంది. లోపల ఎంత మిగిలిందో తెలియకుండా పైపైన నింపడం అంచనా పనే. కారిన గ్యాస్ సంగతి సరే సరి. ఆర్-32 అనే ఏసీ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పాత ఆర్-22 అయితే 1,800 కిలోలు దాటుతుంది.

మెకానిక్ ఒక్కణ్ణే అనను. నైట్రోజన్ సిలిండరు, వాక్యూమ్ పంపు బండి మీద వేసుకుని మూడో అంతస్తు ఎక్కినవాడితో, "పక్కవాడు అరగంటలో చేశాడే" అని బేరమాడేది మనమే.

ఒక్కచోట మాత్రం అవతలివాళ్ళ మాట ఒప్పుకుంటాను. కంత జాయింటులో కాక లోపలి కాయిల్లోనే పడి, మెషీను పాతదై, గ్యారంటీ దాటిపోయి ఉంటే కాయిల్ ధర అడిగి లెక్క వేసుకోవాలి. కొత్త ఏసీయే నయమనిపించవచ్చు.

చేతిపని వచ్చినవాళ్ళకూ ఓ మాట. లీకు వెతకడం, సబ్బు రాయడం మీరే చేసుకోండి. గ్యాస్ గొట్టాలు విప్పే పని మాత్రం పరికరాలున్నవాడికే వదలండి. ఆర్-32 కు కొద్దిగా మండే గుణం ఉంది. ప్రెషర్ పరీక్షకు ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. కారిపోయిన మెషీనులో మిగిలిన గ్యాస్‌ను బయటి యూనిట్లోకి లాగే పంప్‌డౌన్ కూడా వద్దు. లీకుగుండా గాలి చొరబడి కంప్రెసర్ పేలిన ప్రమాదాలు జపాన్‌లో జరిగాయి.

ఈసారి మెకానిక్ సిలిండరు దించగానే, లీకెక్కడో చూపించమనండి. చూపించి, కట్టి, తూకం వేసి పట్టినవాడికి రెట్టింపు అడిగినా ఇవ్వండి. చూపించనివాణ్ణి సిలిండరుతో సహా వెనక్కి పంపండి.