నడకను కొలిచే ఫోను ఎవరిది?

డిమెన్షియాలో జ్ఞాపకమే కాదు, నడకా మారుతుంది. అడుగు కురచవుతుంది, మలుపు దగ్గర తడబాటు వస్తుంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమని డాక్టర్లు గడియారం పట్టి చూసే పరీక్ష 1991 నాటిది. ఇప్పుడు నడుముకి కట్టిన మామూలు ఫోను కూడా ఆ పని చేయగలదు. కదలికను పసిగట్టే సెన్సార్లు అందులోనే ఉన్నాయి. పడిపోయే ప్రమాదం ముందే తెలిస్తే మంచిదే, కాదనం.

కానీ ఎవరి ఫోను? 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. పల్లెలో ఎంతమంది ముసలమ్మలకి సొంత ఫోనుంది? చీరకి జేబు కూడా లేదాయె! ఫోను కొడుకుది, లెక్కలూ కొడుక్కే చేరతాయి. నడక కొలిచే ఫోనే ఆమె ఎక్కడికెళ్ళిందో కూడా చెప్పగలదు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వైకల్యమున్న వ్యక్తికి చట్టబద్ధ సంరక్షకులుంటే వారి అనుమతి తీసుకోమంటుంది. ఆమెను అడగమనదు. కానీ వద్దనడానికి జ్ఞాపకశక్తి అక్కర్లేదు. నడుముకి కట్టిన బెల్టును ఆమె లాగేస్తే అదీ జవాబే. ఇలాంటి పరీక్షలతో మన ఊళ్ళకొచ్చే వాళ్ళని ముందు ఇదే అడగాలి: ఆమె బెల్టు తీసేస్తే ఆపేస్తారా? ప్రమాదముందని ఫోను చెప్పాక, రాత్రంతా కాపలా కాసేది కోడలు ఒక్కతేనా?