ఆ కాస్త ఓపికా మనమే తినేశాం

"మొన్న పెళ్లిలో గంటసేపు నవ్వుతూ కూర్చుంది కదా, ఇవాళ వంటింట్లోకి రావడానికి ఏమొచ్చింది?" ఈ మాట వినపడని ఇల్లు మన దగ్గర తక్కువ. మా ఇంట్లో మా వదినను కొందరం పైకే అన్నాం, మిగతావాళ్లం మనసులో అనుకున్నాం. ఆమెది వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. వంటిల్లు ఎవరికి అప్పజెప్పామో, సరిగ్గా వాళ్లకే.

పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ బిగుతు వదలడానికి గంట పడుతుంది, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. పాలు కాచడం, కాఫీ, పిల్లల టిఫిన్ బాక్సులు అన్నీ ఆ గంటలోనే కావాలి. వేళ్లతో పట్టు దొరక్క ఆమె కుక్కర్ మూత మీద రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వాల్చి తిప్పడం మేమంతా చూశాం. పక్కనే నిలబడి కాఫీ ఇంకా కాలేదా అని అడిగిందీ మేమే. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికోసారి, శనివారం రాత్రి వేసుకునేది. ఆదివారమంతా వికారం, తల ఎత్తలేని నీరసం. చుట్టాలొచ్చేదీ ఆదివారమే. మాత్ర రోజు మార్చుకోమని ఆమెకు చెప్పాం గానీ, ఇంకో రోజు రమ్మని చుట్టాలకు చెప్పలేదు.

నొప్పి అంటే అయ్యో అన్నాం. నీరసం అంటే నమ్మలేదు. కీళ్లలో వాపు పుట్టించే రసాయనాలే ఒంటినంతా కుంగదీస్తాయి, ఆ అలసట ఓ కునుకు తీస్తే తీరేది కాదు. ఈ జబ్బున్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే ఎక్కువ. ఆమెకూ వచ్చింది. తలస్నానం చేస్తే ఆ పూటకి ఇంకేమీ చేయలేకపోయేది. దానికి మేం బద్ధకం అని పేరు పెట్టాం. "ఖాళీగా ఉంటేనే ఆలోచనలొస్తాయి, ఏదో ఒక పని పెట్టుకో" అన్నాం. మేలు కోరే అన్నాం, అందుకే ఆమె తిరిగి ఒక్క మాట అనలేకపోయింది.

అలిసిపోయాక కాదు, అలుపు రాకముందే ఆగాలని డాక్టరు చెప్పారు. కూర్చుని తరుక్కోవాలి, బాగున్న రోజున పనులన్నీ మీదేసుకోకూడదు. ఇది పాటించడానికి ఆమె ఒక్కతే సిద్ధపడితే చాలదు, ఇంట్లోవాళ్లూ ఒప్పుకోవాలి. సగం తరిగిన బెండకాయలు వదిలి లేస్తే "ఆ నాలుగూ అయ్యాక లేవొచ్చుగా" అన్నాం. బాగున్న రోజు చేసిన పనిని గుర్తుపెట్టుకుని, బాగోలేని రోజు ఆమెకే ఎత్తిచూపాం. దాంతో బాగున్న రోజున కూడా బాగున్నట్టు కనపడకూడదని ఆమె నేర్చుకుంది. కొడుకుతో ఆడుతూ నవ్వుతున్నదల్లా, మా నాన్న గదిలోకి రాగానే నవ్వు ఆపేసేది. మేం చేసినవాటిలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇదే.

"లేచి తిరిగితే అదే పోతుంది" అన్న మాట మేమే కాదు, వైద్యులూ అన్నారు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మెల్లమెల్లగా వ్యాయామం పెంచుతూ పొమ్మని బ్రిటన్‌లో ఏళ్ల తరబడి చెప్పారు. శ్రమపడితే జబ్బు ముదురుతోందని రోగులు మొత్తుకుంటూనే ఉన్నారు. చివరికి 2021లో చికిత్సలపై సూచనలిచ్చే అక్కడి నైస్ సంస్థ ఆ సలహా మానేసింది. కీళ్లవాతానికీ డిప్రెషన్‌కీ నడక మంచిదే, కాదనను. కానీ ఎక్కడ ఆగాలో నడిచే మనిషి చెబితే వినాలి.

మా ఇంటితో అయిపోయే సంగతైతే ఇది రాసేవాణ్ని కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బుకు కారణమేమిటని ఏళ్లుగా వాదించుకుంటున్నాం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, అది కావాల్సిందే. అయితే డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఆటో ఎక్కి ఇంటికి చేరాక అన్నం కలుపుకునే ఓపిక కూడా ఉండదు. చాలామంది మర్నాటికి గానీ తేరుకోరు. మిగిలిన ఆ కొద్ది పూటల్లో జీడితోటలో పనికి పోవాలా, పిల్లల సంగతి చూడాలా, పింఛను కాగితాలకు తిరగాలా? పడకలూ యంత్రాలూ ఎన్నని అడిగినవాళ్లం, నీకు వారంలో మంచి పూటలు ఎన్ని మిగులుతున్నాయని ఎవరినీ అడగలేదు. ఏదో సంతకం తక్కువైందని రేపు రమ్మన్నప్పుడల్లా ఆ పూటల్లో ఒకటి లాగేసుకున్నాం.

వదినను అందరం క్షమాపణ అడగాలని ఇంట్లో ఓసారి అనుకున్నాం. అడిగితే మమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. అందుకని అడగలేదు. పొద్దుటి వంట అన్నయ్యా నేనూ పంచుకున్నాం, టిఫిన్ బాక్సులు ఇంకా ఆలస్యమవుతూనే ఉన్నాయి. ఆదివారం రావొద్దని చుట్టాలకు చెప్పడానికి మా అమ్మకు ఇంకా నోరు రావడం లేదు. ఆ ఫోను ఇకమీదట నేనే చేస్తానన్నాను.