అట్టముక్క మీద ఎవరి బొమ్మ?

ఎవరి బొమ్మ దాచుకుంటామో వాళ్లనే లోకం గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ తొలిరోజుల నాటి బొమ్మల కార్డుల గురించి చదివాక ఈ మాట నాకు మరింత నిజమనిపించింది. ఫుట్‌బాల్‌తో ఆడవాళ్లకేం పని అంటారా? అసలు గొడవంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

వెనకటి రోజుల్లో సిగరెట్ పెట్టెలు పలచటి కాగితంతో మెత్తగా ఉండేవి. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా చిన్న అట్టముక్క పెట్టేవారు. ఖాళీ అట్ట ఎందుకని కంపెనీలు దానిమీద బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టాయి. రాజులు, సైనికులు, పక్షులు, ఓడలు... 1890ల నాటికి ఫుట్‌బాల్ ఆటగాళ్లూ వచ్చి చేరారు. తర్వాత్తర్వాత బొమ్మ వెనకవైపు ఆటగాడి పేరు, జట్టు, నాలుగు ముక్కల్లో అతని ఘనత కూడా రాసేవారు. చాలావాటిలో యాభై కార్డులు పోగైతే ఒక సెట్టు. పొగ తాగేది పెద్దవాళ్లు, కార్డుల కోసం వాళ్ల వెంటపడేది పిల్లలు. మా వీధిలోనూ మగపిల్లలు సిగరెట్ పెట్టెల అట్టలు చించి పందెం కట్టి ఆడేవాళ్లు. ఆ ఆటలో మాకు చోటుండేది కాదు.

ఇంతకీ ఆ కార్డుల మీద ఆడవాళ్లే లేరనుకునేరు! బోలెడంతమంది ఉన్నారు. నాటకాల్లో నటీమణులు, పేరు కూడా లేని సుందరాంగులు. పొగ తాగే మగవారి కళ్లకు విందన్నమాట. 1936లో జాన్ ప్లేయర్ కంపెనీ వేసిన టెన్నిస్ కార్డుల్లో క్రీడాకారిణులకూ చోటు దొరికింది. కానీ విల్స్ కంపెనీ 1935లోనూ, 1939లోనూ వేసిన ఫుట్‌బాల్ కార్డులు చూడండి. అంతా మగవాళ్లే.

పోనీ, ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడలేదా? భేషుగ్గా ఆడారు. 1895లోనే నెట్టీ హనీబాల్ పేరుతో ఒకావిడ లండన్‌లో మహిళల జట్టు కట్టి మైదానంలోకి దిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సరిహద్దులకు పోతే ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో ఫిరంగి గుళ్లు తయారుచేశారు. అలాంటి ఒక ఫ్యాక్టరీలో, ప్రెస్టన్ అనే ఊళ్లో, డిక్ కెర్ జట్టు పుట్టింది. 1917 క్రిస్మస్ నాడు గాయపడిన సైనికుల కోసం వాళ్లు ఆడితే పదివేల మంది చూశారు. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఆడితే 53 వేల మంది వచ్చారు! ఆ డబ్బు ధర్మకార్యాలకు వెళ్లింది.

మరుసటి ఏడాదే దెబ్బ పడింది. ఈ ఆట స్త్రీలకు తగదంటూ 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన సభ్యక్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వరాదని తీర్మానించింది. ఫిరంగి గుళ్లు చేయడానికి తగిన ఒళ్లు బంతిని తన్నడానికి తగదట! ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది.

అదే గుడిసన్ పార్కు సొంత మైదానంగా ఉన్న జట్టుకు తర్వాత డిక్సీ డీన్ అనే ఆటగాడు 1927-28లో ఒక్క సీజన్లో 60 లీగ్ గోల్స్ కొట్టాడు. కార్డుల మీద అతని బొమ్మ మళ్లీ మళ్లీ వచ్చింది. తప్పులేదు, ఘనుడే. మరి డిక్ కెర్ జట్టులోని లిలీ పార్? చిన్న వయసులోనే జట్టులో చేరి, మూడు దశాబ్దాలు ఆడి, తొమ్మిది వందలకు పైగా గోల్స్ చేసిందంటారు. మానసిక చికిత్సాలయంలో నర్సుగా పనిచేస్తూనే ఆడింది. ఆడినందుకు ఆమె వుడ్‌బైన్ సిగరెట్లు కూడా పుచ్చుకునేదని చెబుతారు. వుడ్‌బైన్ విల్స్ వాళ్లదే. అంటే పెట్టె ఆమె చేతికొచ్చింది గానీ, అందులోని అట్టముక్క మీదికి ఆమె రాలేదు.

నిషేధం మైదానాన్ని లాక్కుంది. కార్డుల్లో చోటు లేకపోవడం జ్ఞాపకాన్ని లాక్కుంది. నాకు రెండోదే పెద్ద అన్యాయంగా తోస్తుంది. చిన్నపిల్లాడి జేబులో డీన్ ఉన్నాడు, చిన్నపిల్ల చేతిలో లిలీ లేదు. తనలాంటిది ఇంతకు ముందొకతె ఆడిందని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

చివరికి తెలిసిందంటే, కొందరు ఆడవాళ్లు తమ ఫొటోలు, పత్రికల ముక్కలు ఇళ్లలో దాచుకోబట్టే. బతికున్న క్రీడాకారిణులను వెతికి పట్టుకుని గెయిల్ న్యూషామ్ 1994లో ఆ జట్టు చరిత్ర పుస్తకంగా తెచ్చింది. 1978లో కన్నుమూసిన లిలీకి 2019లో మాంచెస్టర్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియంలో విగ్రహం పెట్టారు. బొమ్మల స్టిక్కర్లకు పేరుపడ్డ పనీనీ కంపెనీ పురుషుల ప్రపంచ కప్పుకు 1970లోనే ఆల్బమ్ వేసింది. 1991లో మొదలైన స్త్రీల ప్రపంచ కప్పుకు మాత్రం 2011 దాకా వేయలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. అబ్బాయి కప్పులు షోకేసులో ఉంటాయి. అమ్మాయి కబడ్డీలోనో ఖోఖోలోనో తెచ్చుకున్న సర్టిఫికెట్లు పెళ్లయ్యాక పుట్టింటి అటక మీద ఉంటాయి, లేదా పాత కాగితాలవాడికి పోతాయి. అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఆ కాగితాలు కిందికి దించండి. ఫొటో వెనక పేరు, ఊరు, సంవత్సరం, ఆడిన ఆట రాయండి. ఆ పని ఏ కంపెనీ వచ్చి చేస్తుందని ఎదురుచూడటం?