పది లైన్ల పనికి ఇంత సామానా?

మా నానీ మాట్లాడే దక్కనీ లఫ్జుల్ని ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాం. నక్కో, హల్లు, పర్సోఁ... అన్నీ కలిపి మూడొందలకు పైనే. ఆమె ఇంతెకాల్ తర్వాత మా భాంజా వాటిని వెబ్ పేజీగా చేశాడు. ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు, పైన వెతుక్కోడానికి ఒక గడి. ఖాందాన్ అంతా ఖుష్.

రెండేళ్ళకు మా ఖాలా ఇంకో ఇరవై లఫ్జులు గుర్తుచేసుకుని పంపింది. చేర్చమంటే వాడు కొత్త లాప్‌టాప్ ముందు సాయంత్రమంతా కూర్చున్నాడు. తెరనిండా ఎర్ర అక్షరాలు. "మామూ, అప్పటి ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ వేరు, ఇప్పటిది వేరు. కలవడం లేదు" అన్నాడు. పాత పేజీ తెరుచుకుంటోంది, కానీ ఒక్క లఫ్జు చేర్చే దారి లేదు. ఫోల్డర్ తెరిస్తే వేల ఫైళ్ళు. మావాడు రాసినవి అందులో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు!

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన అఖ్బారువాణ్ణి. ప్రోగ్రామర్ని కాను. అయినా జిద్దు పట్టి నేర్చుకుని, అదే పేజీని ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాశాను. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడవాలంటే ‘డిఐఆర్’ అన్నచోట ‘ఆర్‌టీఎల్’ అని రాస్తే చాలు, మిగతాది బ్రౌజరే చూసుకుంటుంది. వెతికే పనికి జావాస్క్రిప్ట్ పది లైన్లు పట్టింది. టైప్ చేసిన అక్షరాలు లేని వరసల్ని దాచెయ్యడమే దాని పని. ఫైలు ఫోన్లో ఉంటే ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.

ఒకప్పుడు లైబ్రరీల జరూరత్ నిజంగానే ఉండేది. 2006లో జెక్వెరీ వచ్చినప్పుడు ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కో దారి. ఆ తేడాల్ని అది సర్దిపెట్టింది. అందులోని చాలా పనులు ఇప్పుడు బ్రౌజర్లే చేస్తున్నాయి.

పరాయి సామాను మీద భరోసా పెట్టుకుంటే ఏమవుతుందో 2016 మార్చిలో దునియా అంతా చూసింది. ‘లెఫ్ట్‌ప్యాడ్’ అని పదకొండు లైన్ల ప్యాకేజీ. మాటకు ఎడమపక్కన ఖాళీలు చేర్చడం తప్ప ఇంకో పని చెయ్యదు. రాసినాయన దాన్ని తీసేస్తే వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి. ఆ పని చేసే సదుపాయం మరుసటేడు జావాస్క్రిప్ట్‌లోనే వచ్చేసింది. ఫ్రేమ్‌వర్కులకూ ఉమర్ ఉంటుంది. 2010లో వచ్చిన ఆంగులర్‌జెఎస్‌కు 2022 జనవరికల్లా మద్దతు ఆగిపోయింది. 1991 నాటి మొదటి వెబ్‌సైటు పేజీలు మాత్రం ఈరోజు మీ ఫోన్లో కూడా తెరుచుకుంటాయి.

"నౌకరీ కావాలంటే ఫ్రేమ్‌వర్కే అడుగుతారు కదా మామూ" అంటాడు మావాడు. సహీ బాత్. పదిమంది కలిసి కట్టే పెద్ద యాప్‌కు అవి కావాలి, నేర్చుకోవాల్సిందే. డబ్బు లావాదేవీలు, పాస్‌వర్డుల పని సొంత తెలివితో చెయ్యకూడదు కూడా. కానీ ఇంట్లో నలుగురికి ఖిచ్డీ వండడానికి వలీమా దేగ్ పొయ్యి మీదికి ఎక్కిస్తామా?

మన ఇళ్ళల్లో ఇప్పుడు బీటెక్ చదివే పిల్లలు చాలామంది. దాదా చెప్పిన కిస్సాలు, అమ్మీ వంటలు, మొహల్లా లైబ్రరీ కితాబుల జాబితా - ఇలాంటివి చెయ్యమని అడగండి. ఫ్రేమ్‌వర్క్ లేకుండా చెయ్యమనండి. పునాది వాళ్ళకు అర్థమవుతుంది, అమానత్ మనకు మిగులుతుంది.

నిన్న రాత్రి ఖాలా ఫోన్ చేసి ఇంకో లఫ్జు చెప్పింది. భాంజాను లేపలేదు. నోట్‌ప్యాడ్ తెరిచి నేనే చేర్చాను.