ఖాళీ పెట్టె బరువు

మండపేట దగ్గరి తాపేశ్వరం మడత కాజా తిననివారు మనలో తక్కువే. ఇంటర్ సెలవుల్లో ఆ వైపు ఒక మిఠాయి కొట్టులో పనిచేశాను. మైదా పిండిని పల్చగా పరిచి, మడతలుగా చుట్టి, ముక్కలు కోసి, సన్న సెగ మీద వేయించాలి. మంట ఎక్కువైతే పైన ఎర్రబడుతుంది, లోపల మడతలు పచ్చిగా ఉంటాయి. నా చొక్కాకు ఎప్పుడూ పాకం వాసనే!

యజమానిని అందరం బాబాయిగారు అనేవాళ్లం. తూచేటప్పుడు ఆయన రాళ్ల వైపు తక్కెడలోనూ ఒక ఖాళీ పెట్టె పెట్టేవారు. కూలి డబ్బులతో పావుకిలో కొనేవాడికి అట్ట అమ్మకూడదనేవారు. ఇప్పుడు చాలాచోట్ల పెట్టెతో కలిపే తూస్తున్నారు. అది తూనికల నిబంధనలకూ విరుద్ధం. పెట్టె బరువు తీసేసే మీట ఎలక్ట్రానిక్ కాటాకు ఉంది, నొక్కరంతే. పెట్టె తీసి తూచమని సిగ్గుపడకుండా అడగండి. నేను అడుగుతుంటాను, చాలామంది మారుమాట లేకుండా తూస్తారు.