కల్పిత ప్రాణికి కాళ్ళు మనమే ఇవ్వాలా?

1987లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో క్రిస్టఫర్ లాంగ్టన్ ఏర్పాటు చేసిన విద్వద్గోష్ఠితో ‘కృత్రిమ జీవం’ అన్న శాస్త్రశాఖకు ఆ పేరు స్థిరపడింది. కంప్యూటరులో ఒక చిన్న ప్రపంచాన్ని కల్పించి, అందులోని ప్రాణులకు సంతానాన్ని, ఆ సంతానంలో కొద్దిపాటి భేదాన్ని, ఆ భేదాల నడుమ పోటీని ప్రసాదించి, తరతరాలుగా ఏమి జరుగుతుందో గమనించడం దాని పద్ధతి. ఒకప్పుడు మహాయంత్రాలకే సాధ్యమైన ఈ ప్రయోగం నేడు విద్యార్థి బల్లమీది సామాన్య యంత్రంపై కూడా నడుస్తుంది. కనుక నిపుణులు తమలో తాము తర్కించుకొనే ఒక ప్రశ్న ఇప్పుడు మనదీ అయింది. కల్పిత ప్రాణికి కన్ను, కాలు, నోరు అని పేరుపెట్టి సిద్ధంగా ఇవ్వాలా? లేక ఏ పనికైనా మలచుకోదగిన సామాన్య భాగాన్ని మాత్రమే ఇచ్చి, తక్కినది పరిణామానికి విడిచిపెట్టాలా?

నేను రెండవ పక్షం వాడిని. మనం అమర్చిన కాలితో ప్రాణి నడిచినప్పుడు పరిణామం కనుగొన్నదేమిటి? తల్లి గోరుముద్దలు తినిపించినంత మాత్రాన బిడ్డ వంట నేర్చినట్టు కాదుగదా. అటువంటి ప్రయోగంలో మన ఊహ మనకే తిరిగి కనిపిస్తుంది. అంతకుమించి తెలిసేది స్వల్పం.

ప్రకృతి ఈ విషయంలో ఏ మార్గం తొక్కిందో జంతుశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలోనే చూచి ఉంటారు. రొయ్యకు పందొమ్మిది జతల ఉపాంగాలు ఉంటాయి: తలకు ఐదు, ఉరానికి ఎనిమిది, ఉదరానికి ఆరు. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి అట్టమీద వరుసగా అతికించడం మన పరీక్షలలో పాత ఆచారం. ఆ అట్టను మార్కుల కోసం కాక కాస్త తీరికగా చూడండి. ఒకటి స్పర్శను తెలుసుకొంటుంది, ఒకటి ఆహారాన్ని నములుతుంది, కొన్ని దానిని నోటివద్ద పట్టి ఉంచుతాయి, కొన్ని నడుస్తాయి. నడిచే ఐదు జతలలో మొదటి రెండు చివర పట్టకారులు ధరించాయి. ఉదరం క్రిందివి ఈదుతాయి. ఆడ రొయ్యలో గుడ్లను మోసేవీ అవే. ఇన్ని పనులు చేసే వీటిలో దాదాపు అన్నీ ఒకే నమూనా: ఒక మొదలు, దాని నుంచి చీలిన రెండు శాఖలు. ప్రకృతి దవడను వేరుగా, తెడ్డును వేరుగా కనిపెట్టలేదు. ఒక సామాన్య భాగాన్ని పదేపదే పునరావృత్తి చేసి, ఆ ప్రతులను వేర్వేరు పనులకు దిద్దుకొన్నది.

1994లో కార్ల్ సిమ్స్ ప్రకటించిన కల్పిత ప్రాణులు ఈ మార్గానికే చెందినవి. ఆయన ఇచ్చినవి దీర్ఘచతురస్రపు దిమ్మెలు, వాటి నడుమ కీళ్ళు, కీళ్ళను కదిపే బలాలు, కొన్ని గ్రాహకాలు, నాడీకణాల వంటి లెక్కలు, అంతే. ఒక దిమ్మె వర్ణన తననే మళ్ళీ పిలుచుకోగలదు కాబట్టి అవయవాల పునరావృత్తి సులువయింది. మూడువందల ప్రాణుల సమూహం నూరు తరాలు గడవడానికి ముప్పైరెండు ప్రాసెసర్ల యంత్రంమీద సుమారు మూడు గంటలు పట్టేది. ‘రెక్క’ అన్న పేరు ఎవరూ ఇవ్వకుండానే ఈదే దిమ్మెలు రెక్కలయ్యాయి. నడకకు బహుమానం పెడితే, పొడవుగా పెరిగి ముందుకు పడిపోవడమే గమనంగా చూపించే ప్రబుద్ధులు పుట్టే ప్రమాదం ఉన్నందున, కొలవడానికి ముందే ప్రాణిని నేలమీద కుదురుకోనిచ్చే ఏర్పాటు ఆయన చేయవలసి వచ్చింది. సిద్ధంగా కాళ్ళు ఇచ్చినవాడికి ఇటువంటి చిలిపి సమాధానాలు అరుదుగా దొరుకుతాయి.

అయితే ఎదుటి పక్షం వాదన తేలికైనది కాదు. భాగం మరీ సామాన్యమైతే పరిణామం ఇసుకలో తైలం వెదికినట్టు తిరుగుతుందని, యంత్రకాలం వృథా అని వారంటారు. ఇందులో నిజమున్నది. 2003లో లెన్‌స్కీ, ఒఫ్రియా, పెన్నాక్, అడామీ ‘అవిడా’ అనే వ్యవస్థలో చేసిన ప్రయోగం దీనికి చక్కని పరీక్ష. అక్కడి ప్రాణులకు తర్కానికి సంబంధించిన మూలక్రియ ‘నాండ్’ ఒక్కటే. దానినుంచి ‘ఈక్వు’ అనే క్లిష్టక్రియ పుట్టాలి. నడుమనున్న సులభక్రియలకు కూడా ప్రతిఫలమిచ్చినప్పుడు యాభై సమూహాలలో ఇరవైమూడు దానిని సాధించాయి. చివరిదానికి మాత్రమే ప్రతిఫలమిచ్చినప్పుడు యాభైలో ఒక్కటీ సాధించలేదు. రెండు సందర్భాలలోనూ ముడిసరుకు ఒకటే. కాబట్టి దోషం భాగపు సామాన్యతది కాదు, దారిలో మెట్లు కట్టకపోవడానిది.

మెట్లతోపాటు వెల కూడా ఉండాలి. అన్ని పనులూ ఉచితంగా చేయగల భాగానికి ఒక పనిలో నైపుణ్యం ఎందుకు? ఇంట్లో కత్తిపీట ఉండగా అడకత్తెర (మా ఉర్దూ మిత్రుల సరోతా) వేరుగా ఉన్నదంటే, వక్క దగ్గర కత్తిపీట తడబడుతుంది కాబట్టే. పోలెండు శాస్త్రజ్ఞుల ‘ఫ్రామ్‌స్టిక్స్’లో ఈ సూత్రం కనిపిస్తుంది. అక్కడ శరీరం పుల్లలతో కూడినది. ఒక పుల్లకు కండబలం పెంచితే పోషకశక్తివంటి తక్కిన గుణాలు తగ్గుతాయి. అవిడాలోనే 2012లో గోల్డ్స్‌బీ ప్రభృతులు మరొకటి చూపారు: ఒక పనినుంచి మరొక పనికి మారడానికి కాలనష్టం విధించినప్పుడు ప్రాణుల మధ్య శ్రమవిభజన దానంతట అదే ఏర్పడింది. ఎవరూ ఎవరికీ ఉద్యోగాలు పంచలేదు.

అయినా సంపూర్ణ సామాన్యత అనేది లేదని ఒప్పుకోవాలి. సిమ్స్ కూడా కీలుకోణాన్ని, స్పర్శను, వెలుగును గుర్తించే గ్రాహకాలను తానే ఇచ్చాడు. వాసన అనేదే కల్పించని ప్రపంచంలో ఏ భాగమూ, ఎన్ని కోట్ల తరాలు గడిచినా, ముక్కు కాజాలదు. కనుక ప్రయోగానికి పూనుకొనే విద్యార్థి అవయవాల జాబితా వ్రాయడానికి పెట్టే శ్రద్ధను తన ప్రపంచపు నీటికీ, నేలకూ, గాలికీ పెట్టడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ ఏమేమి ఉన్నదో నిర్ణయించేది మాత్రం ఎప్పటికీ అతడే.