కుమ్మరి కథలో సగమే చెబుతున్నారు

క్రైస్తవ కూడికల్లో కుమ్మరి కథ ఎత్తుకోని బోధకుడు అరుదు. దేవుడు కుమ్మరి, మనిషి మట్టి, ఆయన ఎలా మలిస్తే అలా ఒదగాలి. ప్రసంగం తరచూ అక్కడితో ఆగిపోతుంది. దెబ్బలు తినే ఇల్లాలికి ఓర్పు నేర్పడానికీ, చాలీచాలని కూలికి సర్దుకొమ్మనడానికీ కూడా ఈ పోలిక చక్కగా అక్కరకొస్తుంది.

మట్టి పని తెలిసినవాళ్లు కథను ఇంత తేలిగ్గా ముగించలేరు. సారె ముందు కూర్చుంటే మొదట తెలిసొచ్చేది, మట్టి చెప్పినట్టల్లా వినదని. తడి ఎక్కువైతే కుండ అంచు జారి కూలుతుంది, తక్కువైతే మట్టి చేతికి సాగదు. ముద్ద సారె నడిమికి కుదురుకోకముందే బొటనవేలు దించితే కుండ ఓ పక్కకు ఊగిపోతుంది. తొక్కడంలో అశ్రద్ధ చేసి గులకరాయి వదిలేస్తే అది వేలికి తగిలి మరీ చెబుతుంది. అందుకే మంచి కుమ్మరి బలం చూపడు. మట్టి తీరు కనిపెట్టి ఒత్తిడి మారుస్తాడు.

బైబిల్లోని యిర్మీయా గ్రంథం 18వ అధ్యాయంలో జరిగేదీ అదే. ప్రవక్త చూస్తుండగానే కుమ్మరి చేతిలో కుండ చెడిపోతుంది. అతను మట్టిని పారేయడు, దానితోనే మరో పాత్ర చేస్తాడు. ఆ వెంటనే, జనం చెడును విడిస్తే తాను తలపెట్టిన కీడును మానుకుంటానని దేవుడు అంటాడు. మట్టిని బట్టి కుమ్మరి ఆలోచనే మారుతోంది! పైగా ఆ హెచ్చరిక యూదా రాజ్యానికి, యెరూషలేము నివాసులకు. ఏ దిక్కూ లేని ఒంటరి మనిషిని అణిచి ఉంచడానికి చెప్పింది కాదు.

ఇక 19వ అధ్యాయం ప్రసంగాల్లో అంతగా వినిపించదు. ప్రవక్త ఈసారి కాల్చిన కూజా ఒకటి కొని, ప్రజల పెద్దలను, యాజకుల పెద్దలను బెన్‌ హిన్నోము లోయకు వెంటబెట్టుకెళ్లి వాళ్ల కళ్ల ముందే పగలగొడతాడు. అది మళ్లీ అతకదు.

రెండు అధ్యాయాలకూ మధ్య ఉన్నది నిప్పు. ఎండిన పచ్చికుండను నీళ్లలో వేస్తే కరిగి మళ్లీ మట్టవుతుంది. ఆవంలో వేడి 500-600 డిగ్రీల సెల్సియస్‌ దాటాక మట్టిలోని ఖనిజాల్లో ఇమిడి ఉన్న నీరు కూడా పోయి దాని స్వభావమే మారిపోతుంది. తర్వాత ఏళ్లు నానబెట్టినా మెత్తబడదు. మొండికేసిన రాజ్యానికి యిర్మీయా చూపిన గుర్తు అలాంటి కూజా. దాన్ని దగ్గర నిలబడి చూడాల్సి వచ్చింది కూలివాళ్లు కాదు, పెద్దలు.

కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు కూడా మట్టిని ప్రస్తావిస్తాడు. ఆనాటి ఇళ్లలో మట్టి పాత్ర చవక సరుకు, పగిలితే మరొకటి కొనుక్కునేవారు. ఆ మంటి ఘటాలుగా పౌలు చెప్పుకున్నది తననూ తన తోటి సేవకులనూ. విశ్వాసులను మట్టి అంటూ తాను మాత్రం కుమ్మరి పక్కన నిలబడే బోధకుడికి ఆ ఉత్తరం ఇబ్బందికరమే.